మగ సాళ్ళు

వనపర్తి,
6 జూలై 2025

పెద్దమ్మా,

దండాలు. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావేమో. నవ్వితే నవ్వు గానీ, ఇకమీద ఇంటి సంగతులు ఫోనులో మాత్రం మాట్లాడను. పోయిన నెల నేను ఏడుస్తూ చెప్పిన మాటలు నువ్వు స్పీకరు పెట్టి విన్నావు. చేతులకు మట్టి ఉందట, ఫోను నడుముకు దోపుకున్నావట. చేనులో కూలికి వచ్చిన వాళ్ళంతా విన్నారు. ఆ వారంలో నాకు ముఖమైనా తెలియని ముగ్గురు ఆడవాళ్ళు నీ ఫోను నుంచే నాకు ఫోను చేసి మందులు చెప్పారు. ఒకామె చింతచిగురు ముట్టొద్దంది. ఇంకొకామె చింతచిగురే తినమంది. మూడో ఆమె మా ఆయన జీతమెంతని అడిగింది.

ఇప్పుడు సంగతి విను. మహబూబ్‌నగర్ డాక్టరమ్మ నాకు చేయాల్సిన పరీక్షలన్నీ చేసింది. నాలో లోపమేమీ కనపడలేదు. నిద్ర లేకపోవడం, ఊరికే గుండె దడ, నెల తిరిగేసరికి వచ్చే భయం, ఇవి మాత్రం ఉన్నాయంది. అందుకని ఇక్కడ ఆక్యుపంక్చరుకు పోతున్నాను. ప్రకృతి వైద్యం చదివిన అమ్మాయి, రజిత మేడం. బస్టాండు దగ్గర మేడ మీద రెండు మంచాలు వేసుకుని చూస్తుంది. వెంట్రుకంత సన్నని సూదులు. ఇంజక్షన్లు కావు, వాటిలో మందు ఉండదు. కాళ్ళకు, చేతులకు, పొట్ట మీద పెట్టి అరగంట ఉంచుతుంది.

మొదటి రోజే ఆమె కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. "సూదులతోటి పిల్లలు పుడ్తరని నేను చెప్ప అక్కా. మీ డాక్టరమ్మ మందులు మానొద్దు. నిద్ర పడ్తది, పరేషాన్ జర తగ్గుతది. గంతే." పెళ్ళైన ఈ ఐదేళ్ళలో నాకు ఏదీ హామీ ఇవ్వని మనిషి ఈమె ఒక్కతే. అందుకే నచ్చింది.

ఇంకో సంగతి. సూదులున్నప్పుడు కదలకూడదు కదా, ఆ అరగంట నన్ను ఎవరూ ఏదీ అడగరు. టీ పెట్టమనరు, "ఏమన్న విశేషమా" అనరు. వారానికి రెండు అరగంటలు నావి.

మా ఆయన రంజిత్ పరీక్షలు హైదరాబాదులో అయిపోయాయి, బాగున్నాయి. కాబట్టి అది అడగొద్దు. ఆయన నాగర్‌కర్నూల్ సబ్‌స్టేషన్‌లో డ్యూటీ, అక్కడే గది, శనివారం శనివారం వస్తాడు. ఇంట్లో నేనూ మా అత్తగారూ. ఇక పొద్దున లేస్తే కాలేజీలో నా ఎకనామిక్స్ పాఠాలు.

జవాబు నీ చేత్తో రాయి. ఎవరికీ చెప్పి రాయించకు.

నీ శ్రుతి

*

మానవపాడు,
14 జూలై

బిడ్డా శ్రుతీ,

ఉత్తరం అందింది. నేనూ మీ ఈదమ్మ చిన్నమ్మా కలిసి చదివాము. కోపం తెచ్చుకోకు. ఇంట్లో ఉన్నదే ఇద్దరం, ఆమెకు తెలియకుండా ఎక్కడ దాక్కుని చదవాలి? మీ పెదనాయన నేనుండగా ఆమెను చేసుకున్న నాటి నుంచి ముప్పై ఏళ్ళుగా మాది ఒకటే పొయ్యి. ఆయన పోయాక కూడా విడిపోలేదు.

కంపెనీ విత్తనాల కోసం వేసిన సీడు పత్తిలో క్రాసింగు మొదలైంది, ఊపిరి సలపడం లేదు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆడ మొక్కల మొగ్గలు గిల్లి లోపలి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగ సాళ్ళలోంచి పూలు తెచ్చి ఆ పుప్పొడి వీటికి రాయాలి. ఒక్క పూట తప్పితే ఆ పువ్వు పోయినట్టే. నువ్వేమో ఉత్తరాలు రాయమంటావు. వేళ్ళు గిల్లి గిల్లి పుండ్లయ్యాయి, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

నువ్వు రాసింది చదివి నాకు నిద్ర పట్టలేదు. పిల్లల కోసం పోయిన దానికి గుండె దడ, భయం అని మనసుకు వైద్యం చేస్తారా? పైగా కదలకుండా పడుకోబెట్టి సూదులు గుచ్చుతారా? అమ్మ పోయిన పిల్లవు, నీకేమన్నా అయితే నేను ఎవరికి చెప్పుకోవాలి? అందుకని మీ అత్త తిరుపతమ్మకు ఫోను చేశాను. "పిల్ల మనసు బాగలేదంట, దవాఖానకు ఒక్కదాన్ని పంపకుండ్రి" అని ఒక్క మాటే చెప్పాను. ఉత్తరం సంగతి చెప్పలేదు.

మీ పెద్దమ్మ, జములమ్మ

*

వనపర్తి,
27 జూలై

పెద్దమ్మా,

నీకు దండం పెట్టాలో నెత్తి కొట్టుకోవాలో తెలియడం లేదు.

నా మనసుకేమీ కాలేదు! నిద్ర కోసం పోతున్నానంటే పిచ్చి పట్టిందనా? నీ "ఒక్క మాట"తో మా అత్తగారు సూదుల దగ్గరికి నాతోపాటు బయల్దేరింది. మొదటి రోజు బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తూ ఉంది. రెండో రోజు రజిత మేడంను "మోకాళ్ళ నొప్పులకు కూడ పెడ్తరా బిడ్డా" అని అడిగింది. మూడో రోజు నుంచి పక్క మంచం ఆమెది.

ఇద్దరం సూదులు పెట్టించుకుని పక్కపక్కన పడుకుంటున్నాం. రజిత మేడం "శ్వాస పొట్టలోకి తీసుకోండి, ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగని చోటు ఒకటి తలుచుకోండి" అంటుంది. నేను కళ్ళు మూసుకుంటాను. పక్క మంచం మీద నుంచి "శ్రుతీ, పప్పు నానబెట్టినవా?" నాలుగు అంకెలు లెక్కపెట్టి శ్వాస వదులుతాను. "మా చెల్లె కోడలికి మూడో నెలంట, ఇన్నవా?" అంటుంది. ఆమె మోకాళ్ళ నొప్పి మాత్రం సగం తగ్గిందట. సంతోషం.

ఇదంతా చూసి రజిత మేడం నా చెవికి చిన్న గింజలు అంటించింది. ఆవగింజంత ఉంటాయి, బట్ట పట్టీతో అంటిస్తారు. దడ వచ్చినప్పుడు వేలితో నొక్కుకుంటే నెమ్మది పడుతుందట. క్లాసులో నొక్కుకోవచ్చు, ఎవరికీ కనపడదు. ఆదివారం తలంటు పోస్తూ మా అత్తగారు అవి మురికనుకుని గోరుతో గీకి పారేసింది.

దయచేసి ఇంకెవరికీ ఫోను చేయకు.

శ్రుతి

*

మానవపాడు,
5 ఆగస్టు

బిడ్డా,

తప్పయింది. నీ మంచికే అనుకున్నాను. అయినా మీ అత్తకు మోకాళ్ళు తగ్గాయి కదా, ఒకరికైనా మేలు జరిగింది.

గింజల సంగతి చదివి మీ చిన్నమ్మ చాలా సంతోషపడింది. గింజల గురించి మాకు ఒకరు చెప్పాలా? వనపర్తిలో ఆ అమ్మాయి ఎక్కడి గింజలు పెట్టిందో, ఎన్నేళ్ళవో. అందుకే ఈ కవరులో మా ఆడ రకం విత్తనం ఇరవై గింజలు పెడుతున్నాను. వందకు తొంభై ఐదు మొలిచే గింజ. పైన మందు పూసి ఉంటుంది గనుక మీ చిన్నమ్మ మూడుసార్లు కడిగి ఆరబెట్టింది. విత్తనాలిచ్చే కంపెనీ ఆర్గనైజరుకు తెలిస్తే మమ్మల్ని తిడతాడు, ఎవరికీ ఇవ్వొద్దు.

మీ చిన్నమ్మ ఒక మాట అడగమంటోంది. నేను సిగ్గుపడుతున్నాను గానీ ఆమె పడదు. "అల్లుడు శనివారం శనివారమే వస్తడా? ఇచ్చుకున్న పువ్వు శనివారం దాంక ఆగుతదా?" అంటోంది. మాకు ఒక్క పూట ఆలస్యమైతేనే పువ్వు వాడిపోతుంది మరి. ఈ మాట మీ డాక్టరమ్మ చెప్పలేదా? అంత చదువుకున్న వాళ్ళు, తారీఖులు చూసుకుని రమ్మనలేవా?

ఇంకా, అల్లుడి పరీక్షలు ఏ నెలలో అయ్యాయి? ఊరికే అడుగుతున్నాను.

పెద్దమ్మ

*

వనపర్తి,
17 ఆగస్టు

పెద్దమ్మా,

విషం పూసిన పత్తి గింజలు పోస్టులో పంపి చెవికి అంటించుకోమంటావా! మూడుసార్లు కడిగినా కవరు లోపలంతా ఎర్రగా అయింది. పైగా పత్తి గింజ ఎంత ఉంటుందో నీకు తెలియదా? అది చెవికి అంటిస్తే బుట్టకమ్మ పెట్టుకున్నట్టుంటుంది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి కవరు మా అత్తగారి చేతుల్లో ఉంది. "మీ పెద్దమ్మ మంచి ఇత్తనాలు పంపింది" అని ఆమె వాటిని పూల కుండీల్లో నాటింది. మల్లె తీగ పక్కన ఇప్పుడు పత్తి మొలుస్తోంది. వందకు తొంభై ఐదు, నువ్వు చెప్పినట్టే.

చిన్నమ్మతో చెప్పు, తారీఖుల సంగతి డాక్టరమ్మ చెప్పింది. ఆయన కరెంటు డ్యూటీ తారీఖులు వినదు. మొన్న బుధవారం రమ్మన్నాను. గాలివానకు లైన్లు తెగాయని రాలేదు. నేనేం చేయాలి, వెళ్ళి స్తంభం ఎక్కాలా?

ఆయన పరీక్షలు మార్చిలో కర్నూలులో అయ్యాయి. బాగున్నాయని చెప్పాను కదా. ఈ ఒక్క మాట మళ్ళీ మళ్ళీ ఎందుకు అడుగుతావు?

శ్రుతి

*

మానవపాడు,
26 ఆగస్టు

శ్రుతీ,

నీ ఉత్తరాలు బియ్యం డబ్బా మీద పెట్టుకున్నాను. జూలై ఆరో తేదీది తీశాను, హైదరాబాదు అని ఉంది. ఈ ఆగస్టుది తీశాను, కర్నూలు అని ఉంది. రెండూ మీ చిన్నమ్మకు చదివి వినిపించాను. "అబద్ధం చెప్పెటోళ్ళు ఊరు పేరు యాదికి పెట్టుకోవాలె" అంది. నువ్వు మా మీద కోప్పడు గానీ ముందు ఇది చదువు.

పోయిన వారం మా చేనులో కాయ నిలవలేదు. పొడి రాసిన పూలన్నీ రాలిపోతున్నాయి. కూలీలు సరిగ్గా రాయలేదని నేను వాళ్ళ మీద అరిచాను. ఆర్గనైజరు సాంసన్ వచ్చాడు. ఆడ మొక్కల వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా మగ సాళ్ళలోకి పోయి నాలుగు పూలు తెంపి గోటి మీద రాసి చూశాడు. "పొడి సచ్చింది అమ్మా, వానకు చెమ్మ పట్టింది. ఆడ మొక్కలది తప్పేం లేదు" అన్నాడు. అంతే, ఆ మాట అని బండెక్కి పోయాడు.

ఆ పూట మీ చిన్నమ్మ అన్నం తినలేదు. ఏమైందని అడిగాను. చివరికి అంది: "అక్కా, పత్తికున్న న్యాయం మనకు లేకపాయె."

బిడ్డా, మా సంగతి నీకు తెలిసిందే అనుకుంటున్నావు. నాకు పిల్లలు లేరని మీ పెదనాయన ఈదమ్మను చేసుకున్నాడని, ఆమెకూ కాలేదని అందరికీ తెలుసు. ఊళ్ళో మమ్మల్ని ఇద్దరు గొడ్రాళ్ళనేవాళ్ళు. నాకు పొట్ట మీద రెండు చోట్ల వాతలు పెట్టారు. మీ సూదులు వెంట్రుకంత సన్నగా ఉంటాయని రాశావే, వాతలు అట్లా ఉండవు. నాలుగేళ్ళ తర్వాత ఆమెను తెచ్చారు. ఆమెకు పందొమ్మిదేళ్ళు. మూడేళ్ళు చూసి ఆమెకూ పెట్టారు. ఆ రోజు ఆమె చేతులు పట్టుకున్నది నేనే. ఇద్దరు ఆడవాళ్ళకు కాలేదంటే మిగిలిన మూడో మనిషి ఎవరని ఒక్కరూ అనుకోలేదు. ముప్పై ఏళ్ళు మేమూ అనుకోలేదు. ప్రతి ఏడాది మగ పూలు చూసి చూసి రాస్తాము, ఇంట్లో మాత్రం ఆ బుద్ధి పుట్టలేదు. నాకు నా మీదే కోపంగా ఉంది.

అల్లుడు పరీక్ష చేయించుకున్నాడా లేదా? నిజం రాయి. వరసకు నువ్వు నా బిడ్డవే కదా.

పెద్దమ్మ

*

వనపర్తి,
1 సెప్టెంబర్

పెద్దమ్మా,

చేయించుకోలేదు.

మూడుసార్లు బయల్దేరి మూడుసార్లూ చేయించుకోకుండానే తిరిగొచ్చాడు. ఒకసారి ల్యాబులో తెలిసినవాడు కనపడ్డాడట. ఒకసారి ఆకలేసిందట. మూడోసారి ఏమీ చెప్పలేదు. డాక్టరమ్మ "ఆయన రిపోర్టు లేకుండా నేను ఇంకో అడుగు వేయను" అని పోయిన డిసెంబరులోనే చెప్పింది. ఆ సంగతి దాచి, అన్నీ బాగున్నాయని నేనే ఇంట్లో చెప్పాను. సూదులకు పోవడం మొదలుపెట్టాక ఆయనకు ఇంకా నెమ్మదైంది. ఏదో ఒకటి జరుగుతోంది కదా అని.

గట్టిగా అడిగితే "ఒకవేళ నాదే అని తేలితే నేను ముఖం ఎట్ల చూపియ్యాలె" అంటాడు. మరి ఐదేళ్ళుగా నేను చూపిస్తున్నది ముఖం కాదా? రజిత మేడం ఎంతో ఓపికగా శ్వాస నేర్పింది. ఆ శ్వాస అంతా ఆయనను అడగకుండా ఉండడానికే ఖర్చయిపోతోంది.

వాతల సంగతి చదివి బాత్రూంలో తలుపు వేసుకుని ఏడ్చాను. చిన్నప్పుడు నీ పక్కన పడుకున్నప్పుడు ఆ మచ్చలేమిటని అడిగితే నూనె చిందిందని చెప్పావు.

చిన్నమ్మకు చెప్పావంటే సరే. అంతకు మించి ఎవరితో అనకు, ఒక్క అడుగు కూడా వేయకు. ఒట్టు.

శ్రుతి

*

మానవపాడు,
9 సెప్టెంబర్

బిడ్డా,

ఒట్టు పెట్టింది నువ్వు, నేను వేయలేదు.

శుక్రవారం ముసురు పట్టింది, క్రాసింగు లేదు. ఇద్దరం గద్వాల పోయి అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ పోయాము. వనపర్తి మీదుగానే పోయాము గానీ దిగలేదు. దిగితే నువ్వు ఆపేస్తావు.

సబ్‌స్టేషన్ ముందు హోటల్లో అల్లుడు మర్యాదగా టీ చెప్పాడు. పాపం, చేను సంగతేమో అనుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే మీ చిన్నమ్మ మొదలుపెట్టింది. "అల్లుడా, నేను ఎవర్నో ఎరుకేనా? మా అక్కకు పిల్లలు కాలేదని తెచ్చిన దాన్ని. నాకు కూడ కాలే. మా ఆయన సచ్చే దాంక మీసం దువ్వుకుంట తిరిగిండు. మేమిద్దరం తల దించుకొని తిరిగినం. నువ్వు మంచోనివి, గట్ల కావద్దు" అంది.

ఆయన గ్లాసు ముట్టలేదు. టీ చల్లారింది. నేను కూడా ఒక మాట అన్నాను. "నీ కాగితంల ఏమున్నా నిన్ను ఎవ్వరూ కాల్చరు కొడుకా" అన్నాను. మమ్మల్ని బస్సు ఎక్కించి టికెట్లకు డబ్బులు ఇవ్వబోయాడు. తీసుకోలేదు.

నన్ను తిట్టదలిస్తే తిట్టు. మీ చిన్నమ్మను ఏమీ అనకు.

పెద్దమ్మ

*

వనపర్తి,
14 సెప్టెంబర్

పెద్దమ్మా,

ఏం సాధించావు? నిన్న శనివారం వచ్చాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. చివరికి "నా సంగతి బజార్ల పెట్టినవ్ గద" అన్నాడు. పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళిపోయాడు. నెలకు నాలుగు శనివారాలన్నా ఉండేవి, ఇప్పుడు అవీ లేవు.

ఒక్క మనిషికి నమ్మి చెప్పుకుంటే ఇట్లా చేస్తావా? ఫోనులో అయితే కూలీలకే తెలిసేది. ఉత్తరం రాస్తే నువ్వు బస్సెక్కి పోతావు. ఇక నాకు రాయకు. నేనూ రాయను.

*

వనపర్తి,
12 అక్టోబర్

పెద్దమ్మా,

రాయనన్నది నేనే, రాస్తున్నదీ నేనే. నువ్వు నిజంగానే రాయకుండా కూర్చున్నావే, అంత మాట వినే మనిషివా నువ్వు ఎప్పుడైనా?

సెప్టెంబర్ ఆఖరి బుధవారం ఆయన చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాడు. చేతిలో కవరు. మహబూబ్‌నగర్ పోయి పరీక్ష చేయించుకున్నాడట, ఒక్కడే. కాగితం నా చేతికిచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కణాలు తక్కువగా ఉన్నాయి, ఉన్నవాటికి చురుకు లేదు. డాక్టరమ్మ మూడు నెలలు మందులు రాసింది, తర్వాత మళ్ళీ పరీక్ష. అప్పటికీ కాకపోతే వేరే దారులున్నాయంది. అవుతుందో లేదో నాకు తెలియదు పెద్దమ్మా, కానీ ఇప్పుడు దేనికి మందు వాడుతున్నామో తెలుసు.

మా అత్తగారు విన్నది. కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమె అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "గీ మాట ఎక్కడ అనకుండ్రి." ఐదేళ్ళు నా సంగతి కూరగాయలామెకు కూడా చెప్పింది. కొడుకు సంగతి తెలిసిన నిమిషంలో ఎవరికీ చెప్పొద్దట. నాకు వచ్చిన కోపానికి చెవికి మళ్ళీ అంటించుకున్న గింజలు ఎంత నొక్కినా లాభం లేకపోయింది.

ఆ కోపంతోనే దసరాకు ఖిల్లా ఘణపూర్‌లో ఆయన మేనమామ రాఘవేందర్ ఇంటికి పోయాను. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కితే మామ ఎప్పటిలాగే దీవించాడు. "వచ్చే దసరాకు ఒళ్ళ పిలగాడు ఉండాలె. ఏమన్న లోపముంటే మంచి డాక్టరుకు చూపించుకోరాదు బిడ్డా?" ఇల్లు నిండా చుట్టాలు. నేను ఎప్పటిలాగే తల దించుకున్నాను.

"లోపం నాది మామా" అన్నాడు రంజిత్. "శ్రుతికి అన్నీ మంచిగున్నయి. నేను మందులు వాడుతున్న."

మా అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది. మామ "అయితే మందులు సక్కగ వాడు" అని తర్వాతి వాళ్ళ చేతిలో ఆకు పెట్టాడు. అంతే. లోపల మటన్ ఉడుకుతూనే ఉంది, పిల్లలు అరుస్తూనే ఉన్నారు. ఐదేళ్ళు మేము భయపడి చచ్చింది ఈ ఒక్క మాటకా? నాకు ఏడుపూ వచ్చింది, ఆయనను రెండు దెబ్బలు వేయాలనీ అనిపించింది.

ఇప్పుడు శనివారాలు రజిత మేడం దగ్గర పక్క మంచం ఆయనది. మా అత్తగారు బెంచీ మీద. ఆయన సూదులు పెట్టిన రెండు నిమిషాలకే గురక పెడతాడు, నా అరగంట మళ్ళీ పోయింది. నిన్ను తిట్టినందుకు క్షమించమని అడగను, మళ్ళీ తిట్టాల్సి రావచ్చు. కానీ నువ్వు ఆ బస్సు ఎక్కకపోతే నేను ఇంకా తల దించుకునే ఉండేదాన్ని.

నీ బిడ్డ, శ్రుతి

*

మానవపాడు,
19 అక్టోబర్

బిడ్డా శ్రుతీ,

నీ ఉత్తరం చేనులోకే తెచ్చి ఇచ్చారు. పత్తి ఏరుతున్నాము. గట్టు మీద కూర్చుని మీ చిన్నమ్మకు చదివాను. నువ్వు తిట్టినవి కూడా వదలకుండా చదివాను. దసరా దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలో పత్తి పక్కన పెట్టింది.

"గా ముక్క మళ్ళ చదువు అక్కా" అంది. చదివాను. లోపం నాది మామా, శ్రుతికి అన్నీ మంచిగున్నయి. మళ్ళీ చదవమంది. నాలుగుసార్లు చదివించుకుంది.

తర్వాత పత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుని అంది: "మనింట్ల గీ మాట ఒక్కనాడు అని ఉంటే నేను ఈ ఇంటికి రాకపోదును గద అక్కా."

నిజమే. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఇంకెవరింటికో పోయేది. ఇద్దరో ముగ్గురో పిల్లలు ఉండేవాళ్ళు, ఈపాటికి మనవళ్ళు. నాకేమో ఆమె ఉండేది కాదు. ఆమె లేకుండా నేను ఎట్లా బతికేదాన్నో నాకు తెలియదు. ఆ మాట ఆమెతో ఎట్లా చెప్పాలి? ఆమె పోగొట్టుకున్నది నాకు దొరికిందని చెప్పాలా? ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆమె తిట్టి చెయ్యి లాక్కుంది, కానీ కాసేపాగి లాక్కుంది.

ఈ ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చుని ఒక మాట రాయమంటోంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: "అల్లునికి చెప్పు. ఆయన అన్న మాట నేను నాకు కూడ అన్నట్టే తీసుకున్న."

మీ పెద్దమ్మ జములమ్మ,
మీ చిన్నమ్మ ఈదమ్మ